ఇంట్లో చూసిన సినిమాకు ఎన్ని మార్కులు? ఆ అంకె చెప్పేదేమిటి, దాచేదేమిటి

‘ఒకసారి చూడొచ్చు.’ తెలుగు ఇళ్లలో సినిమా ముగిసిన వెంటనే తరచుగా వినిపించే తీర్పు ఇది. ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశారు’, ‘పాటలు తీసేస్తే పర్వాలేదు’, ‘టైమ్ పాస్’ అన్నవి మరికొన్ని. ఒకప్పుడు ఇలాంటి మాటలు ఇంటి గడప దాటితే వీధి అరుగు వరకో, ఆఫీసు క్యాంటీన్ వరకో వెళ్లేవి. నేడు అవే మాటలు నక్షత్రాలుగా, బొటనవేలి గుర్తులుగా, పదికి ఇన్ని మార్కులుగా మారి లక్షలాది అపరిచితుల ముందుకు చేరుతున్నాయి.

ఆ అంకెకు ఇప్పుడు చాలా బలం ఉంది. శనివారం రాత్రి కుటుంబం ఏ సినిమా చూడాలో అదే నిర్ణయిస్తుంది. పెద్ద తారలు లేని చిన్న చిత్రం పది మంది కంట పడుతుందా, ఓటీటీ వేదికల అరల్లో అట్టడుగున మిగిలిపోతుందా అన్నది కూడా కొంతమేరకు దానిపైనే ఆధారపడి ఉంటుంది. అందుకే ఆ అంకె విషయమై వివాదాలు న్యాయస్థానాల వరకు వెళుతున్నాయి.

అయితే ఆ అంకెను ఎలా లెక్కిస్తారు? అది నిజంగా ఏమి చెబుతుంది? ఇంట్లో కూర్చొని చూసిన సినిమాపై ఏర్పడే అభిప్రాయం, థియేటర్‌లో చూసినప్పటి అభిప్రాయం ఒకటేనా?

నక్షత్రాల చరిత్ర

సినిమాకు నక్షత్రాలు ఇచ్చే అలవాటు దాదాపు ఒక శతాబ్దం నాటిది. 1928లో అమెరికాలోని న్యూయార్క్ డైలీ న్యూస్ పత్రిక సినిమా సమీక్షలకు మూడు నక్షత్రాల కొలమానాన్ని ప్రవేశపెట్టింది. పూర్తి సమీక్ష చదివే తీరిక లేని పాఠకుడికి ఒక్క చూపులో విషయం తెలియజేయడమే దాని ఉద్దేశం.

తర్వాతి కాలంలో ఈ కొలమానం నాలుగు నక్షత్రాలకు, ఐదు నక్షత్రాలకు పెరిగింది. షికాగోకు చెందిన విమర్శకులు రోజర్ ఈబర్ట్, జీన్ సిస్కెల్ తమ టెలివిజన్ కార్యక్రమంలో దానిని మరింత కుదించారు. బొటనవేలు పైకి చూపితే చూడదగిన సినిమా, కిందికి చూపితే కాదు. వారిలో ఈబర్ట్ 1975లో పులిట్జర్ బహుమతి పొందారు. ఆ గౌరవం దక్కిన తొలి సినిమా విమర్శకుడు ఆయనే.

ఇంటర్నెట్ రాకతో మార్కులు వేసే అధికారం విమర్శకుల చేతి నుంచి ప్రేక్షకుల చేతికి వచ్చింది. 1990లో కాల్ నీధమ్ అనే బ్రిటన్ ఇంజినీరు, మరికొందరు సినీప్రియులు కలిసి పోగుచేసిన జాబితాల నుంచి ఐఎండీబీ పుట్టింది. 1998లో దానిని అమెజాన్ సంస్థ కొనుగోలు చేసింది. అదే ఏడాది రాటెన్ టొమాటోస్ అనే మరో వేదిక ప్రారంభమైంది. న్యూజిలాండ్‌లో 2011లో మొదలైన లెటర్‌బాక్స్‌డ్ సినిమా చూసినవారు తమ అభిప్రాయాలను దినచర్య పుస్తకంలా రాసుకునే వీలు కల్పించింది.

తెలుగులో ఈ పద్ధతి తనదైన రూపు సంతరించుకుంది. తెలుగు సమీక్షా వెబ్‌సైట్లు ఐదుకు 2.75, 3.25 అంటూ పావు మార్కుల వరకు లెక్కిస్తాయి. బడిలో అర మార్కు కోసం పట్టుబట్టే సమాజానికి ఈ పావు మార్కుల తేడా వింతగా అనిపించదు. అభిమానుల చర్చల్లో మాత్రం 2.75కూ 3కూ మధ్య ఉన్న దూరం హిట్టుకూ ఫ్లాపుకూ మధ్య ఉన్నంతగా కనిపిస్తుంది.

ఒకే సినిమా, వేర్వేరు అంకెలు

ఒకే సినిమాకు ఒక వేదికపై 90 శాతం, మరో వేదికపై పదికి 6.4 కనిపించినప్పుడు ప్రేక్షకుడు తికమక పడటం సహజం. నిజానికి ఆ రెండు అంకెలు కొలిచేవి వేర్వేరు విషయాలు.

రాటెన్ టొమాటోస్‌లో కనిపించే శాతం సగటు మార్కు కాదు. ఎందరు విమర్శకులు ఆ సినిమాను మొత్తంమీద మెచ్చారన్నదే ఆ శాతం. 60 శాతం, అంతకు మించి వస్తే ఆ చిత్రం ‘తాజా’ కోవలోకి, తక్కువైతే ‘కుళ్లిన’ కోవలోకి చేరుతుంది.

ఒక ఉదాహరణ చూస్తే ఇది స్పష్టమవుతుంది. పది మంది విమర్శకులు ఒక సినిమాను చూసి, అందరూ ‘పర్వాలేదు’ అంటూ ఐదుకు మూడు చొప్పున ఇచ్చారనుకుందాం. పది మందీ మెచ్చినట్టే లెక్క కనుక శాతం నూటికి నూరు వస్తుంది. సగటు మాత్రం మూడే. మరో సినిమాకు ఏడుగురు ఐదుకు ఐదు ఇచ్చి, ముగ్గురు ఒక్కటే ఇచ్చారనుకుందాం. దాని శాతం 70కి పడిపోతుంది. కానీ సగటు 3.8.

ఈ రెండింటిలో ఏది మంచి సినిమా? ఎవరినీ నొప్పించని వినోదం కావాలనుకునే కుటుంబానికి మొదటిది సరిపోవచ్చు. కొత్తదనం కోసం కొంత సాహసం చేయగలవారికి రెండోది నచ్చవచ్చు. ఆ తేడాను శాతం ఒక్కటే చెప్పలేదు.

ఐఎండీబీ పద్ధతి వేరు. అక్కడ ప్రేక్షకులు ఒకటి నుంచి పది వరకు మార్కులు వేస్తారు. కానీ తెరపై కనిపించే అంకె వాటి నేరు సగటు కాదు, కొన్ని ఓట్లకు ఎక్కువ, కొన్నింటికి తక్కువ విలువ ఇచ్చి లెక్కించిన సగటు. ఆ విలువలను ఎలా నిర్ణయిస్తారో ఆ సంస్థ పూర్తిగా వెల్లడించదు. వెల్లడిస్తే మోసగాళ్లకు దారి చూపినట్టవుతుందన్నది దాని వాదన.

అత్యుత్తమ 250 చిత్రాల జాబితాకు మాత్రం ఐఎండీబీ ఒక సూత్రాన్ని ప్రకటించింది. ప్రతి సినిమాకూ వచ్చిన ఓట్లకు తోడుగా 25,000 ‘సగటు’ ఓట్లు కూడా పడినట్టు భావించి లెక్క వేయడమే ఆ సూత్రంలోని సారం. సాధారణ సినిమాల సగటు ఏడు అనుకుంటే, 100 మంది 9.2 ఇచ్చిన కొత్త చిత్రం అంకె దాదాపు 7.01 వద్దే ఆగిపోతుంది. రెండు లక్షల మంది 8.5 ఇచ్చిన చిత్రం అంకె 8.33 వరకు నిలుస్తుంది. కొద్దిమంది మిత్రులు, బంధువులు కలిసి ఒక సినిమాను రాత్రికి రాత్రి శిఖరాన నిలబెట్టకుండా ఇది అడ్డుకుంటుంది. అయితే తక్కువ మంది చూసిన నిజమైన మంచి చిత్రం కూడా ఇదే కారణంగా వెనుకబడుతుంది.

నెట్‌ఫ్లిక్స్ నక్షత్రాలను ఎందుకు వదిలేసింది?

ఇంట్లో సినిమా చూసేవారి మార్కుల గురించి విస్తృతంగా పరిశోధించిన సంస్థల్లో నెట్‌ఫ్లిక్స్ ఒకటి. డీవీడీలు తపాలాలో పంపుతున్న రోజుల్లో, 2006లో, ఆ సంస్థ ఒక పోటీని ప్రకటించింది. ప్రేక్షకుడు ఒక సినిమాకు ఎన్ని నక్షత్రాలు ఇస్తాడో తమ పద్ధతి కంటే పది శాతం మెరుగ్గా ఊహించగలిగిన వారికి పది లక్షల డాలర్లు ఇస్తామని తెలిపింది. అందుకోసం 4,80,000 మందికి పైగా చందాదారులు 17,770 చిత్రాలకు ఇచ్చిన పది కోట్ల పైచిలుకు మార్కులను పేర్లు తొలగించి పరిశోధకుల ముందుంచింది. 2009లో ఒక బృందం ఆ బహుమతిని గెలుచుకుంది.

అయితే గెలిచిన పద్ధతిని నెట్‌ఫ్లిక్స్ పూర్తి స్థాయిలో వాడలేదు. అప్పటికే సంస్థ వ్యాపారం డీవీడీల నుంచి నేరుగా ఇంటర్నెట్ ప్రసారం వైపు మళ్లింది. ప్రేక్షకుడు ఏ సినిమాకు ఎన్ని మార్కులు వేశాడన్నది కాకుండా, దేనిని చివరి వరకు చూశాడు, దేనిని పది నిమిషాలకే ఆపేశాడు అన్నది తెలిసే అవకాశం వచ్చింది.

అక్కడే మనిషి స్వభావంలోని ఒక వైరుధ్యం బయటపడింది. గంభీరమైన డాక్యుమెంటరీకి ఐదు నక్షత్రాలు ఇచ్చే ప్రేక్షకుడే రోజూ చూసేది మూడు నక్షత్రాలు ఇచ్చిన తేలికపాటి హాస్య చిత్రాలను. నక్షత్రాలు ఇచ్చేటప్పుడు అతడు విమర్శకుడి కుర్చీలో కూర్చుంటాడు. పని ముగించుకొని సోఫాలో వాలినప్పుడు మామూలు మనిషి అవుతాడు.

2017లో నెట్‌ఫ్లిక్స్ ఐదు నక్షత్రాలకు బదులు బొటనవేలి గుర్తులను తెచ్చింది. పరీక్షల దశలో మార్కులు వేసేవారి స్పందన 200 శాతం పెరిగిందని అప్పట్లో తెలిపింది. 2022లో బాగా నచ్చిన వాటికి రెండు బొటనవేళ్ల గుర్తును జోడించింది. ఈ గుర్తు లోకానికి ఇచ్చే తీర్పు కాదు. ఆ ఇంటికి తర్వాత ఏమి చూపాలో యంత్రానికి ఇచ్చే సూచన.

ఆ వేదికపై చాలాకాలం కనిపించిన ‘98 శాతం’ వంటి అంకెను కూడా అనేకమంది నాణ్యతకు గుర్తుగా పొరబడ్డారు. ఆ ఖాతాదారుడి అభిరుచికి సినిమా ఎంత దగ్గరగా ఉండవచ్చో చెప్పే అంచనా మాత్రమే అది. పొరుగింటి తెరపై అదే సినిమాకు 60 శాతం కనిపించినా ఆశ్చర్యం లేదు.

భారతీయ కుటుంబాల్లో ఈ అంచనా మరింత తప్పే అవకాశం ఉంది. ఒకే ప్రొఫైల్‌లో నాయనమ్మ పౌరాణికం చూస్తుంది, మనవడు కార్టూన్ చూస్తాడు, కోడలు కొరియన్ సీరియల్ చూస్తుంది, కొడుకు క్రైమ్ థ్రిల్లర్ చూస్తాడు. యంత్రానికి మాత్రం వీరందరూ కలిసి ఒకే విచిత్రమైన మనిషిగా కనిపిస్తారు. ఎవరి ప్రొఫైల్ వారు వాడుకోవడమే దీనికి సులభమైన పరిష్కారం.

మార్కులు మనిషిని పట్టిస్తాయా?

నెట్‌ఫ్లిక్స్ పోటీ మరో ముఖ్యమైన పాఠాన్ని మిగిల్చింది. పేర్లు తొలగించాం కనుక చందాదారుల గోప్యతకు భంగం లేదని సంస్థ భావించింది. టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ ఆ నమ్మకం సరికాదని నిరూపించారు.

ఒక వ్యక్తి ఎనిమిది సినిమాలకు ఇచ్చిన మార్కులు, రెండు వారాల తేడాతో వాటి తేదీలు తెలిస్తే చాలు. వాటిలో రెండు పూర్తిగా తప్పయినా సరే, 99 శాతం సందర్భాల్లో ఆ సమాచారంలోంచి ఆ ఒక్క వ్యక్తి వివరాలను గుర్తుపట్టవచ్చని 2008లో ప్రచురితమైన వారి పరిశోధన తేల్చింది. ఐఎండీబీలో బహిరంగంగా ఇచ్చిన మార్కులతో పోల్చి చూసి కొందరిని గుర్తించగలమని కూడా వారు చూపారు. గోప్యతపై కోర్టు దావా దాఖలైన తర్వాత, 2010లో, నెట్‌ఫ్లిక్స్ రెండో పోటీ ఆలోచనను విరమించుకుంది.

ఒకరు చూసే సినిమాల్లో వారి రాజకీయ దృష్టి, మత విశ్వాసం, వ్యక్తిగత జీవితం తొంగిచూసే అవకాశం ఉంది. సరదాగా నొక్కిన నక్షత్రం కూడా వ్యక్తిగత సమాచారమే.

ఓటు వేసేది ఎవరు?

సినిమా చూసిన ప్రతి ఒక్కరూ మార్కులు వేయరు. విపరీతంగా నచ్చినవారు, విపరీతంగా నచ్చనివారు ముందుకు వస్తారు. ‘ఒకసారి చూడొచ్చు’ అనుకున్న అత్యధికులు టీవీ ఆపేసి నిద్రపోతారు. అందువల్ల అనేక చిత్రాల ఓట్లు రెండు చివర్ల వద్ద గుట్టలుగా పోగుపడి, మధ్యలో పలచగా ఉంటాయి.

ఓటర్ల కూర్పు కూడా సమాజ కూర్పును పోలి ఉండదు. ఐఎండీబీ ఒకప్పుడు స్త్రీపురుషుల ఓట్ల వివరాలను విడిగా చూపేది. చాలా ప్రసిద్ధ చిత్రాలకు పురుషుల ఓట్లే ఎక్కువగా ఉన్నట్టు వాటిలో కనిపించేది. ఇంటి టీవీ ముందు సినిమా చూసే గృహిణులు, వృద్ధులు, స్మార్ట్‌ఫోన్‌లో తెలుగు టైపింగ్ అలవాటు లేనివారు ఈ లెక్కల్లో అరుదుగా చేరతారు. వారి అభిప్రాయం మాటగా బతుకుతుంది. అంకెగా మారదు.

ముందు వచ్చిన ఓట్లు తర్వాతి ఓట్లను ప్రభావితం చేస్తాయి కూడా. 2013లో సైన్స్ పత్రికలో ప్రచురితమైన ఒక అధ్యయనం దీనిని ప్రయోగాత్మకంగా చూపింది. ఒక వార్తా వేదికలోని వ్యాఖ్యలు కొన్నింటికి పరిశోధకులు కృత్రిమంగా ఒక్క అనుకూల ఓటు జతచేశారు. ఆ వ్యాఖ్యల తుది సగటు మిగిలిన వాటికంటే 25 శాతం పెరిగింది. కృత్రిమంగా వేసిన వ్యతిరేక ఓటును మాత్రం తర్వాత వచ్చినవారు చాలావరకు సరిదిద్దారు. తొలి గంటల్లో సినిమాకు భారీ మార్కులు పడేలా చూసుకోవాలన్న ప్రచార బృందాల తాపత్రయానికి కారణం ఇదే.

ఇంటి తెర తీర్పు మార్చగలదు

థియేటర్‌లో విఫలమైన సినిమా ఇంటి తెరపై కొత్త జీవితం పొందిన ఉదంతాలు ఎన్నో ఉన్నాయి. 1994లో విడుదలైన హాలీవుడ్ చిత్రం ‘ది షాషాంక్ రిడెంప్షన్’ తొలి విడుదలలో నిర్మాణ వ్యయాన్ని కూడా రాబట్టలేకపోయింది. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చినా ఒక్క అవార్డూ దక్కలేదు. తర్వాత వీడియో క్యాసెట్ల ద్వారా, కేబుల్ టీవీ ద్వారా అది ఇళ్లకు చేరింది. ఐఎండీబీ ప్రేక్షకుల జాబితాలో 2008 నుంచి అది అగ్రస్థానంలో కొనసాగుతూ వచ్చింది.

హిందీలో అదే 1994లో వచ్చిన ‘అందాజ్ అప్నా అప్నా’ కథ కూడా ఇలాంటిదే. థియేటర్లలో అంతంత మాత్రంగా ఆడిన ఆ హాస్య చిత్రం టీవీ ప్రసారాలతో తరతరాల అభిమానులను సంపాదించింది. తెలుగులో 2010 నాటి ‘ఖలేజా’ మరో ఉదాహరణ. విడుదల సమయంలో నిరాశపరిచిన ఆ చిత్రం టీవీలో పదేపదే ప్రసారమై ఆదరణ పొందింది. 2025లో మళ్లీ థియేటర్లలో విడుదలైనప్పుడు అభిమానులు ఉత్సాహంగా తరలివచ్చారు.

ఈ మార్పుకు కారణాలు ఊహకందనివి కావు. థియేటర్‌కు వెళ్లే ప్రేక్షకుడు టికెట్టు, ప్రయాణం, పాప్‌కార్న్ ఖర్చులతో పాటు పోస్టర్లు, ట్రైలర్లు పెంచిన అంచనాలను కూడా మోసుకెళతాడు. ఇంట్లో ఆ భారం ఉండదు. నచ్చని పాటను దాటవేయవచ్చు. అర్థంకాని సంభాషణను వెనక్కి తిప్పి వినవచ్చు. రెండోసారి చూసినప్పుడు మొదట తప్పిపోయిన చమత్కారం బోధపడుతుంది.

ఇంటికి ఉన్న పరిమితులు కూడా తక్కువ కావు. మధ్యలో కాలింగ్ బెల్ మోగుతుంది, కుక్కర్ విజిల్ వేస్తుంది, చేతిలోని ఫోన్ వెలుగుతుంది. నెమ్మదిగా నడిచే కథ ఈ అంతరాయాలను తట్టుకోలేదు. విశాలమైన దృశ్యాల కోసం, శబ్దం కోసం తీసిన చిత్రం చిన్న తెరపై చిక్కిపోతుంది. నిండు థియేటర్‌లో వందలమందిని నవ్వించిన హాస్యం ఒంటరిగా చూసేవారికి చప్పగా అనిపించవచ్చు. అందువల్ల ‘ఇంట్లో చూశాను, మూడు మార్కులు’ అన్న మాటలో సినిమాతో పాటు ఆ గది కూడా ఉంటుంది.

జ్ఞాపకం కూడా తన పాత్ర పోషిస్తుంది. మనిషి ఒక అనుభవాన్ని అంచనా వేసేటప్పుడు దాని మొత్తం నిడివి కంటే అత్యంత తీవ్రమైన ఘట్టాన్ని, ముగింపును ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటాడని నోబెల్ బహుమతి గ్రహీత, మనస్తత్వవేత్త డేనియల్ కానమన్, ఆయన సహచరుల పరిశోధనలు తెలిపాయి. ఇంటర్వెల్ ముందు ఘట్టం, క్లైమాక్స్ పండితే సినిమా గట్టెక్కినట్టేనని తెలుగు సినీ వర్గాలు ఎప్పటినుంచో చెప్పుకొనే మాట ఈ పరిశోధనకు దగ్గరగానే ఉంది.

ఇంటి ప్రేక్షకుల ఆదరణ సరిహద్దులను కూడా దాటిస్తుంది. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ చిత్రం హిందీ రూపం నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చాక, తెలుగు సినిమాతో పరిచయం లేని విదేశీ ప్రేక్షకులు అనేకమంది దానిని ఇళ్లలో చూసి పరస్పరం సిఫారసు చేసుకున్నారు. ఆ మరుసటి ఏడాది ‘నాటు నాటు’ పాట ఆస్కార్ అందుకుంది. అయితే ఆ ప్రేక్షకుల్లో చాలామంది విన్నది తెలుగు మాటలను కాదు, హిందీ డబ్బింగును. మార్కులు చూసేటప్పుడు అవి ఏ భాషా రూపానికి వచ్చాయో గమనించడం అవసరం.

దాడులు, దావాలు, నిబంధనలు

అంకెకు బలం పెరిగిన కొద్దీ దానిని వంచే ప్రయత్నాలు పెరిగాయి. ఒక సినిమాపై మూకుమ్మడిగా అతి తక్కువ మార్కులు వేసి దెబ్బతీయడాన్ని ‘రివ్యూ బాంబింగ్’ అంటారు. కొన్నిసార్లు సినిమా చూడకుండానే, నటుల మీదో, దర్శకుడి మీదో, కథలోని భావాల మీదో ఉన్న ఆగ్రహంతో ఇది జరుగుతుంది. డబ్బు తీసుకుని ఆకాశానికెత్తే కృత్రిమ ప్రశంసలు దీనికి మరో ముఖం.

2019లో ‘కెప్టెన్ మార్వెల్’ చిత్రం విడుదలకు ముందే ప్రతికూల వ్యాఖ్యలు వెల్లువెత్తాయి. ఆ సమయంలోనే రాటెన్ టొమాటోస్ విడుదలకు ముందు ప్రేక్షకులు వ్యాఖ్యలు రాసే వీలును తొలగించింది. అదే ఏడాది, టికెట్టు కొన్నట్టు నిర్ధారణ అయిన ప్రేక్షకుల మార్కులను వేరుగా చూపడం మొదలుపెట్టింది. ఈ పద్ధతి మోసాన్ని తగ్గిస్తుంది. కానీ టికెట్టు లేకుండా ఇంట్లో చూసినవారి మాట ఆ లెక్కలో చేరదు.

భారతదేశంలో ఈ వివాదం 2023లో కేరళ హైకోర్టుకు చేరింది. దురుద్దేశపూరితమైన సమీక్షలు తమ చిత్రాలను దెబ్బతీస్తున్నాయని మలయాళ సినీరంగం నుంచి ఫిర్యాదులు వచ్చాయి. కోర్టుకు సహాయకుడిగా నియమితుడైన అమికస్ క్యూరీ 2024 మార్చిలో నివేదిక సమర్పించారు. సినిమా విడుదలైన తొలి 48 గంటల పాటు వ్లాగర్లు సమీక్షలకు దూరంగా ఉండాలని, కథలోని మలుపులను బయటపెట్టకూడదని అందులో సూచించారు.

2024 డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి, తొలి మూడు రోజులు సామాజిక మాధ్యమాల్లో సమీక్షలను నిలువరించాలంటూ మద్రాసు హైకోర్టును ఆశ్రయించింది. తాత్కాలిక నిషేధం విధించడానికి కోర్టు నిరాకరించింది. అభిప్రాయం చెప్పడం భావప్రకటనా స్వేచ్ఛలో భాగమన్నదే ఇక్కడ కీలకాంశం.

ఈ వాదనలో రెండు వైపులా నిజమైన నష్టం ఉంది. అప్పు చేసి సినిమా తీసిన చిన్న నిర్మాతకు తొలి మూడు రోజులే జీవన్మరణ సమస్య. ఆ మూడు రోజుల్లో కూడబలుక్కొని చేసే దాడి అతడి ఏళ్ల శ్రమను తుడిచిపెట్టగలదు. మరోవైపు, డబ్బు పెట్టి సినిమా చూసిన ప్రేక్షకుడికి బాగోలేదని చెప్పే హక్కు ఉంది. దాడిని అడ్డుకునే పేరుతో విమర్శనే అడ్డుకుంటే నష్టపోయేది అతడు. నిజాయితీగా నచ్చలేదని చెప్పడానికీ, చూడకుండానే కక్షతో సున్నా వేయడానికీ మధ్య గీత గీయడమే న్యాయస్థానాల ముందు, వేదికల ముందు ఉన్న చిక్కు.

ఆన్‌లైన్ సమీక్షల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ‘ఐఎస్ 19000:2022’ అనే ప్రమాణాన్ని తెచ్చింది. వినియోగదారుల సమీక్షలను సేకరించి ప్రచురించే వేదికలు సమీక్ష రాసినవారిని నిర్ధారించుకోవాలని, డబ్బిచ్చి రాయించిన సమీక్షలను ప్రచురించకూడదని ఇది సూచిస్తుంది. అయితే దీనిని స్వచ్ఛందంగా పాటించే ప్రమాణంగానే ప్రవేశపెట్టారు.

నక్షత్రాలు వేరు, వయసు గుర్తు వేరు

ఇంట్లో పిల్లలతో కలిసి సినిమా చూసేవారు తరచుగా కలగలిపే రెండు విషయాలున్నాయి. ప్రేక్షకుల మార్కులు సినిమా ఎంత నచ్చిందో చెబుతాయి. వయసు గుర్తు అది ఎవరికి తగినదో చెబుతుంది. పదికి తొమ్మిది మార్కులు వచ్చిన చిత్రం పదేళ్ల పిల్లలకు ఏమాత్రం తగనిది కావచ్చు.

థియేటర్ చిత్రాలకు కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి సర్టిఫికెట్ ఇస్తుంది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన సవరణతో యూఏ వర్గాన్ని యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+ అని మూడుగా విభజించారు. ఆ వయసులోపు పిల్లలు తల్లిదండ్రుల మార్గదర్శకత్వంలో చూడాలని దీని అర్థం.

ఓటీటీ వేదికలకు మాత్రం 2021 నాటి సమాచార సాంకేతిక నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ వేదికలే తమ చిత్రాలను, సిరీస్‌లను యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ వర్గాలుగా విభజించుకోవాలి. యూఏ 13+, అంతకు పైబడిన వాటికి తల్లిదండ్రులు తాళం వేసుకునే సౌకర్యం కల్పించాలి. పెద్దలకు మాత్రమే ఉద్దేశించిన వాటికి వయసు నిర్ధారణ ఏర్పాటు ఉండాలి. చాలా ఇళ్లలో ఈ తాళం సౌకర్యం ఉన్నా వాడకుండానే మిగిలిపోతుంది. నక్షత్రాల సంఖ్యను చూసేముందు తెర మూలన కనిపించే ఈ గుర్తును చూడటం పిల్లలున్న ఇంటికి ఎక్కువ ఉపయోగకరం.

అంకెను ఎలా చదవాలి?

మార్కులను పూర్తిగా నమ్మడం, పూర్తిగా కొట్టిపారేయడం రెండూ సరికావు. కొన్ని విషయాలు గమనిస్తే అంకె నుంచి ఎక్కువ ప్రయోజనం పొందవచ్చు.

మొదటిది ఓట్ల సంఖ్య. 200 మంది ఇచ్చిన 9 కంటే రెండు లక్షల మంది ఇచ్చిన 8 నమ్మదగినది. రెండోది ఓట్ల విస్తరణ. ఒకటి, పది మార్కులే అధికంగా ఉండి మధ్యలో ఖాళీ కనిపిస్తే, అక్కడ సినిమా కంటే అభిమానుల పోరు ఎక్కువగా ప్రతిఫలిస్తోందని అనుమానించవచ్చు. మూడోది సమయం. విడుదలైన మొదటి రోజు కనిపించే అంకె కంటే నెల తర్వాతి అంకె నిలకడగా ఉంటుంది.

మాటల్లో రాసిన సమీక్షలను చదివేటప్పుడు ఐదు నక్షత్రాల ప్రశంసలు, ఒక్క నక్షత్రపు తిట్ల కంటే మూడు నక్షత్రాలు ఇచ్చినవారి అభిప్రాయాలు సాధారణంగా ఎక్కువ సమాచారం ఇస్తాయి. ఏది బాగుంది, ఏది బాగోలేదు అన్న రెండూ వాటిలో ఉంటాయి. ఒకే సమీక్షకుడిని కొంతకాలం అనుసరిస్తే ఆయన ఇష్టాయిష్టాలు తెలుస్తాయి. ఎప్పుడూ తన అభిరుచికి వ్యతిరేకంగా చెప్పే సమీక్షకుడు కూడా పాఠకుడికి ఉపయోగపడతాడు. ఆయనకు నచ్చలేదంటే తనకు నచ్చవచ్చని ముందే తెలుస్తుంది.

అభిప్రాయం చెప్పేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ‘3.25’ అన్న అంకె కంటే ‘మా అమ్మానాన్నలతో కలిసి ఇబ్బంది లేకుండా చూశాం, హాస్యం బాగుంది, చివరి అరగంట సాగింది, తెలుగు డబ్బింగ్ కంటే మలయాళంలో సబ్‌టైటిళ్లతో చూస్తేనే బాగుంది’ అన్న రెండు వాక్యాలు మరో కుటుంబానికి ఎంతో ఎక్కువగా ఉపయోగపడతాయి. ఎవరితో, ఏ భాషలో, ఏ తెరపై చూశారు, ఎందుకు నచ్చింది అన్న వివరాలు వాటిలో ఉన్నాయి.

పేరున్న తారలు, ప్రచార వ్యయం లేని చిత్రాలకు ఈ రెండు వాక్యాలు మరింత విలువైనవి. పెద్ద సినిమాకు లక్ష ఓట్లలో ఒకటి తగ్గినా పెరిగినా తేడా ఉండదు. 300 మంది మాత్రమే చూసిన చిన్న చిత్రానికి 301వ ప్రేక్షకుడు నిజాయితీగా రాసిన మాట, మరో పది ఇళ్లలో అది ప్రదర్శితమయ్యేందుకు కారణం కాగలదు.